ఐర్లండు నుంచి వచ్చిన మొక్కు

పోయిన నెల టెక్కలిలో తెలిసినవాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటావిడ ఒక చేత్తో బొండాం పట్టుకుని, రెండో చేత్తో కత్తి ఎత్తి, మధ్యలో ఆగి, "మీకు కిడ్నీలు బాగానే ఉన్నాయి కదమ్మా?" అంది. టీలో పంచదార వెయ్యమంటారా అని అడిగినంత మామూలుగా అడిగింది. బాగానే ఉన్నాయన్నాను. నిజానికి వాటితో నాకు ముఖపరిచయం లేదు, వాటి తరఫున నేనే మాట ఇచ్చేశాను. కత్తి దిగింది, నీళ్ళు తాగాను. తాగుతున్నంతసేపూ ఒకటే ఆలోచన: నాకు ఇరవై ఏళ్ళప్పుడు మా ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఆ కత్తికి వేరే పని దొరికేది. నాకింకా నలభై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ మా ఉద్దానంలో పుట్టినవాళ్ళు ఇలాంటి పనులు కాస్త ముందుగానే కానిచ్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మా ఊరు పలాసకీ సముద్రానికీ మధ్య ఉంది. అమ్మానాన్నలు ఉద్యోగాల మీద విజయనగరంలో ఉంటే, కాశీబుగ్గలో డిగ్రీ చదువు పేరు చెప్పి నేను తాత దగ్గర ఉండిపోయాను. తెల్లారేసరికి పెరట్లో నేలలో పాతిన ఇనప గునపం మీద తాత కొబ్బరికాయల పీచు వలిచే చప్పుడు వినిపించేది. మామ్మ పొయ్యి ముందు కూర్చుని, చుట్ట నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ అంబలి కాచేది. నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషి మాట్లాడదనుకుంటే పొరపాటు, మా మామ్మ అలాగే వీధిలో సగం తగువులు తీర్చేది. తడిసిన పీచు వాసన, చుట్ట వాసన, వేసవిలో తోటల్లో రాలిన జీడిపళ్ళ పులిసిన వాసన. గాలి కాశీబుగ్గ వైపు నుంచి తిరిగితే జీడిపిక్కలు కాల్చే ఘాటు. వీటన్నిటి మధ్య నేను నిద్ర లేచేదాన్ని. లేచి చేసిన ఘనకార్యం ఏమీ లేదు. మళ్ళీ పడుకోవడానికి ఏ వంక దొరుకుతుందా అని చూసేదాన్ని.

మిగిలిన సగం తగువులు తాతవి. చుట్టుపక్కల ఊళ్ళలో అన్నదమ్ములు విడిపోతే కొబ్బరితోట పంచడానికి తాతని పిలిచేవారు. ఆయన టేపు పట్టుకునేవాడు కాదు, అడుగులతో కొలిచేవాడు. ఏ చెట్టు ఎన్ని కాయలు కాస్తుందో మొవ్వు చూసి చెప్పేవాడు. ఆ పనికి ఒక పద్ధతి ఉండేది. పంపకం మొదలుపెట్టే ముందు పెద్దమనిషి అన్నగారింట్లో ఒక బొండాం తాగాలి, తమ్ముడింట్లో ఒకటి తాగాలి. ఒకింట్లో తాగి రెండో ఇంట్లో వద్దంటే పక్షపాతం. రెండిళ్ళలోనూ వద్దంటే ఇద్దరికీ అవమానం. అప్పుడు అన్నదమ్ములు మళ్ళీ కలిసిపోయి పెద్దమనిషి మీద పడేవారు. నలుగురు అన్నదమ్ములుంటే నాలుగు బొండాలు. తాత జీవితమంతా ఊళ్ళ వాళ్ళ నీళ్ళు తాగి వాళ్ళ నేల పంచాడు.

అలాంటి మనిషికి ఒకసారి కాళ్ళు వాచాయి. నెల రోజులు నడక ఎక్కువైందన్నాడు, రెండో నెల నడక తక్కువైందన్నాడు. చివరికి విశాఖపట్నం తీసుకెళ్తే డాక్టరు పరీక్షలు చేయించి, రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని చెప్పి, ఒక కాగితం రాసిచ్చాడు. నీళ్ళు రోజుకి ఒక్క లీటరు. ఉప్పు సగం. మాత్రలు రెండు పూటలా. కొబ్బరి వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు, గుండెకి ప్రమాదం. కొబ్బరితోటల మనిషికి కొబ్బరి వద్దని రాసిన డాక్టరు తల ఎత్తలేదు. పాపం, ఆ పూట అంతకుముందు ఎంతమందికి అదే రాశాడో.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో తాత ఒక్క మాటే అన్నాడు. "ఈ సంగతి ఎవులికీ సెప్పకండి." ఎందుకో మేము అడగలేదు, తెలుసు కాబట్టి. మా దగ్గర దాని పేరు కూడా పలికేవారు కాదు, "ఆ జబ్బు" అనేవారు. ఆ జబ్బు వచ్చిందని తెలిస్తే ఆ ఇంటి నూతిలో నీళ్ళు తోడుకోవడం మానేస్తారు. ఆ మనిషిని పలకరించడం మానరు, కానీ పోయినవాణ్ణి తలుచుకున్నట్టు పలకరిస్తారు. పోయేవాడితో తోట పంచించుకునేదెవరు? అందుకని తాత ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళాడు, ఎవరిస్తే వాళ్ళ దగ్గర తాగాడు. ఇంట్లో మామ్మ లీటరు కొలిచి పెట్టిన చెంబు అలాగే ఉండేది. ఆయన కాళ్ళ వాపు మాత్రం పెరుగుతుండేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా చేతికి కెల్టుల పుస్తకం వచ్చింది. కాశీబుగ్గలో శాంతమ్మ టీచరుగారని, మిషను స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆవిడ ఉండేవారు. నాకు ఇంగ్లీషు గ్రామర్ నేర్పబోయి, మొదటి వారంలోనే ఆశ వదులుకుని, దాని బదులు కథల పుస్తకాలు ఇచ్చేవారు. ఈ పుస్తకానికి అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లేవు. "ఇవి అన్యదేవతల కథలమ్మా. చదువుకో, నమ్మకు," అన్నారు. బాప్టిస్టు సంఘంలో ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే ఆవిడ, ఐర్లండు పాత దేవుళ్ళని ఒక హిందూ పిల్ల చేతిలో పెట్టి, నమ్మొద్దని జాగ్రత్త చెప్పడం నాకు భలే నచ్చింది. మాకున్న దేవుళ్ళతోనే తీరిక లేదని చెప్పాను.

తరవాత తెలిసింది, ఆవిడ చేసింది కొత్త పని కాదు. కెల్టులనేవాళ్ళు ఐరోపా పడమటి అంచుకి చేరిన పాతకాలపు జనం. తమ కథల్ని వాళ్ళు రాసుకోలేదు. చెప్పేవాళ్ళు ఏళ్ళ తరబడి కంఠస్థం చేసి, రాజుల ముందూ పొయ్యిల ముందూ చెప్పేవారు. ఎన్నో వందల ఏళ్ళ తరవాత క్రైస్తవ సన్యాసులు కూర్చుని, తమవి కాని ఆ దేవుళ్ళ కథల్ని ఓపిగ్గా రాసిపెట్టారు. ఓడిపోయిన దేవుళ్ళు కూడా వాళ్ళ కథల్లో చావరు. మట్టిదిబ్బల కిందకి వెళ్ళి అక్కడ కాపురం పెడతారు. ఏడాదిలో ఒక రోజు ఆ దిబ్బల తలుపులు తెరుచుకుంటాయి, బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ ఒకరికొకరు ఎదురుపడతారు. అది చదివి నేను ఒక పూట మా జీడితోటల్లో దిబ్బలన్నీ తిరిగి చూశాను. తలుపులేమీ కనబడలేదు. గొంగళిపురుగులు మాత్రం ఎదురుపడ్డాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో తాత పీచుతో తాడు పేనుతుంటే, ఆ కథలు తెలుగు చేసి చెప్పేదాన్ని. పేర్లు పలకడానికి నా నాలుక చాలదు కనుక మనుషులకి గుర్తులు పెట్టుకున్నాం. జ్ఞానం నిండిన చేపని గురువు కోసం కాలుస్తూ, బొటనవేలు కాల్చుకుని నోట్లో పెట్టుకోగానే లోకజ్ఞానమంతా వచ్చేసిన కుర్రాడున్నాడు. తాత ఒప్పుకోలేదు. "నువ్వలరేవులో సేపలోళ్ళు రోజూ ఎంతమంది ఏళ్ళు కాల్సుకుంటన్నారే. ఒక్కడికైనా జ్ఞానం వచ్చినాదేటి?" సముద్రం మీద గుర్రమెక్కి, ముసలితనం లేని లోకానికి వెళ్ళినవాడున్నాడు. అక్కడ మూడేళ్ళుండి తిరిగొస్తే ఇక్కడ మూడు వందల ఏళ్ళు గడిచిపోతాయి. ఆ కథకి మాత్రం తాత చేతిలో తాడు ఆగింది.

"ఆళ్ళకి సముద్రం ఏ పక్కనుంది?"

"పడమర."

"అదీ సంగతి. పొద్దు రోజూ కళ్ళముందే నీళ్ళల్లో ములిగిపోతంటే ఎవుడికైనా పైలోకం ఆలోసనే వత్తాది. మనకి నీళ్ళల్లోంచి లెగుత్తాది. లెగిసిన కాడ్నించీ పనే."

ఐర్లండు మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను తరవాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. అలా చెబుతూ చెబుతూ వాళ్ళందరిలోకీ పెద్ద వీరుడి దగ్గరికి వచ్చాం. చిన్నప్పుడు ఒక కమ్మరివాడి కాపలాకుక్కని చంపేసి, దాని బదులు తానే కాపలా కాస్తానని మాటిచ్చి, జీవితమంతా ఆ కుక్క పేరుతోనే బతికినవాడు. తాత వాణ్ణి 'కుక్కోడు' అనేవాడు, చాలా గౌరవంగానే. ఆ వీరులకి ఒక్కొక్కడికీ ఒక్కో నిషేధం ఉంటుంది, దాన్ని గెష్ అంటారు. ఒకడు ఫలానా దారిన వెళ్ళకూడదు, ఒకడు ఫలానా మాట వినకూడదు. కుక్కోడు కుక్కమాంసం తినకూడదు. అంతేకాదు, ఎవరు తమ పొయ్యి మీద వండింది పెట్టినా కాదనకూడదు.

"ఎందుకు తినకూడదంట?" అన్నాడు తాత.

"ఎందుకని ఏమీ ఉండదు తాతా. తినకూడదు, అంతే. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ బలవంతం చెయ్యరు. పైగా అది గొప్ప. గెష్ లేనివాడు మామూలు మనిషి."

"గొప్పా?" తాత తాడు పక్కన పెట్టేశాడు. "మరి డాట్రు నాకు రాసిచ్చిన కాగితం ఏటి?"

"అదీ అలాంటిదే."

"కాదే గుంటా. డాట్రు ఒద్దన్నాడంటే జబ్బోడు. దేవుడి మీద ఒట్టెట్టి మానీసినానంటే..." అని ఆగి, నా వంక చూసి నవ్వాడు. "మొక్కు."

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి వదిలేసి రావడం మాకు తెలియనిది కాదు. మొక్కుకున్నవాడికి ఎవరూ కంచంలో వడ్డించి బలవంతం చెయ్యరు, ఏం కోరుకున్నావని గుచ్చి అడగరు కూడా. పొయ్యి దగ్గర్నించి మామ్మ అందుకుంది. "దేవుడి పేరు మీద అబద్దమాడతావేటి? కళ్ళు పోతాయి."

"కిడ్నీలు పోనాయి, ఇంక కళ్ళకేటిలే. అయినా అబద్దమెందుకు? ఎల్లి నిజంగానే మొక్కీత్తాను."

ఆ సోమవారమే టెక్కలి బస్సెక్కి రావివలస వెళ్ళాం. ఎండల మల్లికార్జునుడు నెత్తిన కప్పు లేకుండా ఎండలో నిలబడి ఉన్నాడు. "ఈ బాబుకీ గెష్ ఉంది సూడు. కప్పు ఒల్లనన్నాడు, ఎవులైనా ఎందుకని అడిగినారా?" అన్నాడు తాత చెవిలో. కొబ్బరికాయ కొట్టించి, ఇక జన్మలో కొబ్బరి ముట్టనని మొక్కాడు. మొక్కగానే పూజారి ఒక కొబ్బరి చిప్ప ఆయన చేతిలో పెట్టాడు. దేవుడికి ఇచ్చిన మాట ఒకవైపు, దేవుడు ఇచ్చిన ప్రసాదం ఒకవైపు. తాత చిప్పని కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టి, "తినీ. ఆడికీ నాకూ మధ్య ఇబ్బందొచ్చింది," అన్నాడు. బస్సు టెక్కలి చేరేలోపు చిప్ప మొత్తం తిన్నాను. వీరుల కథల్లో ఇలాంటి పాత్రలకి పేర్లుండవు.

మొక్కు అద్భుతంగా పనిచేసింది. అన్నదమ్ములు బొండాం ముందు పెట్టడం, తాత చెయ్యెత్తి దణ్ణం పెట్టడం, వాళ్ళు చెంపలేసుకుని బొండాం వెనక్కి తీసుకోవడం. రెండిళ్ళలోనూ తాగకపోయినా పక్షపాతం లేదు, అవమానం లేదు. పరువు పెరిగింది కూడా. పక్కింటి జోగారావు మావ ఒక్కడే వదల్లేదు. తాతకి చిన్నప్పట్నించీ స్నేహితుడు, తాత పంపకాలకి వెళ్తే చెట్లు లెక్కపెట్టే మనిషి. "ఏటే గుంటా, మీ తాత ఏటి కోరుకున్నాడు? రెండో పెళ్ళేటి?" అని ప్రహరీ మీంచి అరిచేవాడు. "సేసుకోమను, నాకు వంట తప్పుద్ది," అని మామ్మ ఇటునుంచి అరిచేది. రెండు నెలలకి తాత కాళ్ళ వాపు సగం తీసింది. చెంబు సాయంత్రానికి ఖాళీ అవుతోంది. ఐర్లండు నుంచి ఒక ఆచారం దిగుమతి చేసి ముసలాయన్ని బతికించానని నాకు లోలోపల ఒకటే మిడిసిపాటు.

అప్పుడు జోగారావు మావ కూడా రావివలస వెళ్ళి కొబ్బరి మానేసి వచ్చాడు. నవ్వుకున్నాం. ఆ తరవాత చివరింటి ఆయన మానేశాడు. తరవాత నీలగిరి చెట్ల దగ్గర టైలరు. వేసవి వెళ్ళేసరికి తాత కాక మా వీధిలోనే ఐదుగురు మొక్కు మగవాళ్ళు తేలారు. కొబ్బరి పండే ఊళ్ళో కొబ్బరి ముట్టని మనుషుల సంఘం పెట్టుకుని, సోమవారం పొద్దున్నే మా వసారాలో చేరి, దేవుడి గురించి గొప్పగా మాట్లాడుకునేవారు. నేను టీలు అందిస్తూ జోకులు వేసేదాన్ని. ఒక సోమవారం జోగారావు మావ చెప్పులు విడిచి కాలు మీద కాలు వేసుకున్నాడు. చెప్పు పట్టీలు పడిన చోట కాలిమీద లోతుగా గాట్లు. ఏదో దోమ వాలినట్టు నటించి బొటనవేలితో నొక్కి చూశాను. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. తాత కాలి మీద నేను ఎన్నోసార్లు చూసిన గుంట.

"ఆసుపత్రికి వెళ్ళావా మావా?" అన్నాను, ఎవరికీ వినబడకుండా.

"మొక్కుకున్నాను కదే. మొక్కినాక మళ్ళీ డాట్రేటి? దేవుడేటనుకుంటాడు? మీ తాతకి తగ్గలేదేటి, కాళ్ళు నాను సూళ్ళేదేటి?"

ఆ పూట నాకు జోకు దొరకలేదు. జోగారావు మావ తాత కాళ్ళు వాచడం చూశాడు, తగ్గడం చూశాడు, మధ్యలో మొక్కు ఒక్కటే చూశాడు. మిగతా నలుగురూ అంతే. మేము జబ్బు కప్పడానికి వేసిన దుప్పటిని వాళ్ళు మందనుకున్నారు. పరీక్ష లేదు, మాత్ర లేదు, లీటరు నీళ్ళ లెక్క లేదు, కొబ్బరి ఒక్కటి మానేసి, తగ్గుతుందని ఎదురుచూస్తున్నారు.

శాంతమ్మ టీచరుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కథ ఇచ్చింది నేను. సగం కథని ఊరికి పంచింది నువ్వు," అన్నారు. "ఆ వీరుడు చివరికి ఏమయ్యాడో మీ తాతగారికి చెప్పావా?"

చెప్పలేదు. చివరి పేజీలు లేవని అప్పుడు తాతతో అబద్ధం చెప్పాను. లేనివి మొదటి పేజీలు. ఆ సాయంత్రం పెరట్లో తాత కాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని మిగతాది చెప్పాను. కుక్కోడు యుద్ధానికి వెళ్తుంటే దారిలో ముగ్గురు ముసలమ్మలు పొయ్యి మీద మాంసం కాలుస్తుంటారు, రమ్మంటారు, తినమంటారు. అది కుక్కమాంసం. తింటే ఒక గెష్ పోతుంది, కాదంటే రెండోది పోతుంది. పరువు కోసం తింటాడు. తిన్న చెయ్యి చచ్చుబడిపోతుంది. యుద్ధంలో ఈటె దిగాక, పడిపోయి చావకూడదని ఒక రాతికి తనని తాను కట్టుకుని, నిలబడే చచ్చిపోతాడు.

"నిలబడ్డం ఎందుకు?" అన్నాడు తాత.

"శత్రువులు దగ్గరికి రావడానికి భయపడాలని. భయపడ్డారు కూడా. కాకి వచ్చి భుజం మీద వాలేదాకా వాడు పోయాడని ఎవరికీ తెలీలేదు."

తాత చేతిలో కాయని గునపం మీద దింపి పీచు చీల్చాడు. "మన జోగడి కాళ్ళు సూసినావా?" అన్నాడు.

"చూశాను."

"నానూ సూసినాను. నెల్రోజులయినాది." ఆ నెల రోజులూ ఆయన ఎలా నిద్రపోయాడో నేను అడగలేదు.

మరుసటి సోమవారం ఐదుగురూ వచ్చి కూర్చున్నాక తాత మొదలుపెట్టాడు. ఉపోద్ఘాతం ఏమీ లేదు. "ఇనండి. నాను మొక్కింది నిజమే గానీ, మొక్కక ముందే జబ్బొచ్చినాది. కిడ్నీలు పాడయిపోనాయి. కొబ్బరి ఒద్దన్నది డాట్రు. దేవుడు పాపం ఏటీ అన్లేదు. మాత్రలు మింగుతన్నాను, నీళ్ళు కొలిసి తాగుతన్నాను, అందుకే కాళ్ళు తగ్గినాయి."

మామ్మ నోట్లో చుట్ట తీసి పట్టుకోవడం నేను అప్పుడే చూశాను. జోగారావు మావ మొహం ఎర్రబడింది. "అంటే నాలుగు నెల్లబట్టి నాను కొబ్బరి పచ్చడి లేకండా ఇడ్లీ తిన్నది దేవుడి కోసం కాదా?" అని లేచాడు. "సిన్నప్పట్నించీ తిరిగినాం కదరా, నాకు సెప్పకూడదా?" నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు, టీ గ్లాసులు సర్దాను. అప్పుడు టైలరు చొక్కా జేబులోంచి మడత పెట్టిన మాత్రల అట్ట తీసి తాత ముందు పెట్టాడు. తాత మింగే మాత్రలే. ఆయనకి మొదట్నించీ తెలుసన్నమాట. ఆయనకీ దుప్పటే కావలసి వచ్చింది.

తాత భయపడినవన్నీ జరిగాయి. నూతి దగ్గర చేద చప్పుడు తగ్గిపోయింది. పంపకానికి మాట తీసుకున్న అన్నదమ్ములు ఇంకో పెద్దమనిషిని పెట్టుకున్నారు, కబురు కూడా పంపలేదు. ఇప్పుడైతే పరీక్షలు ఊళ్ళోకే వస్తున్నాయి, రక్తం శుభ్రం చేసే యంత్రాలు పలాసలోనే ఉన్నాయి, టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు కిడ్నీ పరీక్షలో వచ్చిన అంకెని "నీ క్రియాటిన్ ఎంత?" అని క్రికెట్ స్కోరులా అడుగుతారు. జబ్బు పోలేదు, సిగ్గు పోయింది. మంచి మార్పే. కానీ ఆ సిగ్గు ఉన్న రోజుల్లో, తన పరువుని తానే వసారాలో పెట్టి కోసి పంచిన మనిషి ఖరీదు నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు కనిపించింది పెంకి ముసలాయన ఒక్కడే. ఆ తరవాత ఆయన మూడేళ్ళున్నాడు. జోగారావు మావ ఇంకా ఎక్కువే ఉన్నాడు, కొబ్బరి పచ్చడి మీద కోపంతో అని మామ్మ నమ్మకం.

తాత నిజం చెప్పిన ఆ వారంలోనే జోగారావు మావని పరీక్షలకి విశాఖపట్నం తీసుకెళ్ళాం. పలాసలో బయలుదేరే పాసింజరు కనుక పెట్టె సగం ఖాళీగా ఉంది. తాత కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను ఎదురుగా. మావ మాత్రం తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, ఇంకా అలక తీరలేదు. భయం కూడా, అది ఆయన మొహంలో అలకలాగే కనబడేది. రైలు కదిలింది. రెండు స్టేషన్లు దాటాక మావే నోరు తెరిచాడు.

"గుంటా, మీ తాత ఏదో దొరగోరి కథ ఇని నిజం సెప్పినాడంట కదా. ఆ కథలోవోడు ఏటయినాడు?"

నేను చెప్పబోయాను. తాత అడ్డు తగిలాడు.

"ఆడు పరువు కోసం నిలబడి సచ్చినాడు," అన్నాడు, పక్కన సీటు మీద దుమ్ము తువ్వాలుతో దులుపుతూ. "మనకి సీటు దొరికింది. కూకో."